చిన్న కారు వెనక తొట్టి

నేను ముప్పై నాలుగో ఏట రిటైరయ్యాను. వీడ్కోలు సభ జరగలేదు. ఎవరూ శాలువా కప్పలేదు. ఎముకల డాక్టరు నా నడుం ఫొటోను వెలుతురుకు పట్టి చూసి, "ఇంక బరువులెత్తకు" అన్నాడు. అంతే. మా అమ్మ ఏడ్చింది. తర్వాత ఆ ఫొటోలో ఏముందో తనకు అర్థం కావట్లేదని గమనించి ఆపేసింది.

ఎనిమిదేళ్లు నేను చేసిన పని ఒకటే. చిన్న కారుకు వెనక రెండు చక్రాల తొట్టి కట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జనం సామాన్లు మొయ్యడం. షామియానాలు, వంట గుండిగలు, పాటల పెట్టెలు, జనరేటరు. అన్నిటికంటే ఎక్కువగా సారెలు. ఆడపిల్ల అత్తవారింటికి పుట్టింటివాళ్లు పంపే మిఠాయిలు, పళ్లు, బట్టలు. ఆటోలో పంపితే చిన్నతనం, లారీలో పంపితే మరీ గొప్పలు. కారు వెనక తొట్టి ఆ రెంటికీ నడుమ మర్యాదగా ఉంటుందని మావాళ్ల లెక్క.

ఇప్పుడు ఈ పనిలోకి దిగుతున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు వచ్చి, "ఏటన్నా, లాగడవే కదా, దీన్లో నేర్సుకోడానికేటున్నాది?" అంటున్నారు. నిజమే, లాగడం ఎవడైనా లాగుతాడు. ఆగడం, తిరగడం, వెనక్కి రావడం అనే మూడు విషయాల్లో మాత్రం తొట్టికి సొంత అభిప్రాయాలుంటాయి. వాటి గురించే ఇదంతా.

నొగ బరువు

నాకు పని నేర్పినాయన కోటబొమ్మాళిలో టెంటు హౌసు నడిపిన గున్నయ్య గారు. వయసులో ఎడ్లబండి తోలినవాడు. కారును కూడా ఎద్దుగానే చూసేవాడు. బాగా నడిస్తే బానెట్ తట్టేవాడు. నన్ను తట్టిన గుర్తు లేదు.

మొదటి రోజు గుండిగలన్నీ తొట్టి వెనక అంచున పెట్టాను. దించడం సులువని. ఆయన బీడీ ముట్టించుకుని, తొట్టి ముందుకు చాచి ఉన్న ఇనుప నొగ, దాని కొసనున్న హుక్కు చూపించి, "లేపు" అన్నాడు. రెండు వేళ్లతో లేపేశాను. నాకే గర్వమేసింది.

"తేలిగ్గా ఉన్నాది బాబూ."

"తేలిగ్గా ఉన్నాదేటి! బండి ఎనక బరువెడితే ఏటవుద్ది? నొగ లెగిసిపోద్ది. కాడి ఎద్దు పీకట్టుకుని పైకి లాగేస్తాది. నీ కారుకీ పీకుంటాదిరా, ఎదవా."

సరే అని మొత్తం ముందుకు జరిపాను. ఈసారి హుక్కు లేవలేదు. నలుగురం పట్టి కారుకు తగిలిస్తే కారు వెనక్కి చతికిలబడింది, ముందు లైట్లు కొబ్బరిచెట్ల తలలు చూశాయి. గున్నయ్య గారు పొగ వదిలి, "ఇప్పుడు ఎద్దు కూకుండిపోనాది" అన్నాడు.

ఆ తర్వాత చూపించాడు. బరువైనవి ఇరుసు మీద, దానికి కొంచెం ముందుకు. తేలికవి చివర. పైకి ఎత్తుగా పేర్చకూడదు. అన్నీ తాళ్లతో బిగించాలి, ఎందుకంటే బయల్దేరినప్పుడు ముందున్న సామాను చేరేసరికి ముందే ఉంటుందన్న హామీ లేదు. చదువుకున్నవాళ్లు తొట్టి మొత్తం బరువులో పదో వంతు దాకా హుక్కు మీద పడాలంటారు. గున్నయ్య గారి కొలత వేరు. "లేపితే నడుం గేపకానికి రావాల. నడుం పోకూడదు." నేను మొదటి సగమే పాటించాను. దాని ఫలితం ఆ ఎముకల డాక్టరు చూశాడు.

ఆయన దేవుడని రాయను. తొట్టికి స్పేర్ చక్రం కొననని ఎనిమిదేళ్లూ మొండికేశాడు. కారు స్పేర్ చక్రం తొట్టికి పట్టదు. ఆ సంగతి మా ఇద్దరికీ ఎండలో, రోడ్డు పక్కన, విడివిడిగా తెలిసింది. నొగ విషయంలో ఆయన ఎంత ఒప్పో, చక్రం విషయంలో అంత తప్పు. పెద్దవాళ్ల దగ్గర నేర్చుకునేటప్పుడు సామాను చూసి తీసుకోవాలి.

వెనక్కి రావడం

నా మొదటి పెద్ద తప్పు నరసన్నపేటలో, ఒక షావుకారు గారి ఇంటి పెళ్లిలో. సందు చివర పందిరి. వెనక్కి రమ్మన్నారు. తొట్టి ఉన్నప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే తొట్టి ఎడమకు పోతుంది. ఇది నాకు తెలుసు. అయితే ఆ రోజు వెనక నిలబడి చేతులూపుతున్నవాళ్లు పదకొండు మంది. అందులో నలుగురు రమ్మంటున్నారు, నలుగురు ఆగమంటున్నారు, మిగతావాళ్లు బంధువులు.

నేను అందరి మాటా విన్నాను. తొట్టి పందిరి గుంజను పట్టుకుని లాగింది. పందిరి చాలా నెమ్మదిగా, పెద్దమనిషి తరహాలో, మగపెళ్లివారి మీద దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. షావుకారు గారు గుడ్డ కిందనుంచి తల బయటపెట్టి, "ఒరే, పందిరిని కూడా తీస్కెల్లిపోతావేటి? పెల్లి అవనియ్యరా!" అన్నాడు.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. ముందు దిగి, నడిచి చూస్తాను. ఒక్క మనిషిని, అద్దంలో నాకు కనిపించేచోట నిలబెడతాను. స్టీరింగు అడుగు భాగాన చెయ్యి వేస్తాను. తొట్టి వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటు జరుపుతాను. చెయ్యి కుడికి, తొట్టి కుడికి. ఆలోచించే పని ఉండదు. తొట్టి మరీ వంకరపోతే మొండికెయ్యకుండా ముందుకెళ్లి మళ్లీ మొదలుపెడతాను. ముందుకెళ్లడం ఓటమి కాదు. పందిరి కూలడమే ఓటమి.

మిగతావన్నీ బయల్దేరేముందు చూసుకోవలసినవే. కారు వెనక ఉండే ఇనుప గుండు మీద హుక్కు కప్పు గట్టిగా పడి తాళం పడిందా. నొగకుండే గొలుసులు రెండూ దాని కిందనుంచి కారుకు కత్తెరలా అడ్డంగా తగిలించామా. అప్పుడైతే హుక్కు ఊడినా నొగ రోడ్డు మీద పడకుండా వాటి మీద ఆగుతుంది. వెనక లైట్లు వెలుగుతున్నాయా. తొట్టి చక్రాల్లో గాలుందా. పది కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ ఒకసారి అన్నీ చూడాలి. బ్రేకుల్లేని తొట్టి ఉంటే కారు ఒక్కటే ఇద్దరి కోసం ఆగాలి, కాబట్టి ముందు బండికి ఎప్పుడూ ఉండే దూరానికి రెట్టింపు వదలాలి. ఆ దూరంలోకి ఎవడో ఒకడు దూరుతాడు. దూరనివ్వండి. మళ్లీ వదలండి.

ఇవన్నీ తెలిసి కూడా చేసిన తప్పు ఒకటుంది. రాయాలనుకున్నది అసలు అదే.

సారె ఎక్కాక దిగదు

కోటబొమ్మాళి దగ్గర ఒక ఊరినుంచి గజపతినగరం అవతల ఇంకో ఊరికి సీమంతం సారె. గౌరి అనే అమ్మాయికి ఏడో నెల. ఆమెకు తల్లి చిన్నప్పుడే పోయింది. పెంచింది నరసమ్మ, తల్లికి అక్క. గౌరి మేనమామ సింహాచలం ఆ నరసమ్మకు తమ్ముడు. ఈ పనికి నన్ను కుదిర్చింది ఆయనే.

నేను వెళ్లేసరికే సారె తొట్టిలోకి ఎక్కేసింది. ముందు వైపు వెదురు బుట్టల్లో చీరలు, పూలు. వెనక అంచున లడ్డూ డబ్బాలు, అరిసెల డబ్బాలు, రెండు అరటిగెలలు, ఒక ఇత్తడి బిందె. మిఠాయి ముందు దిగాలి కదా అని. హుక్కు పట్టుకుంటే దానంతటదే పైకి వస్తోంది. గున్నయ్య గారి ఎద్దు నాకు కళ్ల ముందు గాల్లో వేలాడింది.

"మావయ్యా, సర్దుడు మార్సాల. బరువంతా ఎనకెట్టీసినారు," అన్నాను.

సింహాచలం మావయ్య మనిషి భారీ. మాట ఇంకా భారీ. "సారె ఒకసారి ఎక్కినాక గమ్యంలోనే దిగాల. మద్దిలో దించితే కడుపుతోటున్న గుంటకి అరిష్టం. నీకు తెల్దేటి?"

తెలుసు. మావైపు అందరికీ తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు: సారె ఒంటరిగా పోకూడదు. ఇంటి మనిషి ఎవరో ఒకరు దాని పక్కన ఉండాలి. అందుకని నరసమ్మను తొట్టిలో కూర్చోబెట్టారు. వెనక అంచున, డబ్బాల పక్కన. ముందువైపు చీరలకు ఆమె తగలకూడదు. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది.

కారులో నా సీటు కాక నాలుగు సీట్లు. ముందు మావయ్య. వెనక ఆయన భార్య కళావతి, ఇంకో ఇద్దరు ముత్తైదువులు. లెక్క వాళ్లకు సరిపోయింది.

నేను తొట్టి దగ్గరికి వెళ్లి, "పెద్దమ్మా, తొట్టిలో మనిసి కూకోకూడదు. దిగు," అన్నాను. నిజంగా అదే అన్నాను. ఆమె తొట్టి అంచు పట్టుకుని కిందకు వంగి, వెనక సీటువాళ్లకు వినబడకుండా అంది:

"నన్ను దింపీకు బాబూ. గౌరి పెల్లయినాక ఆ ఇంటి గడప తొక్కనేదు. గుంట పోన్లో ఏడుత్తన్నాది. దూరంనుంచి ఒకపాలి సూసీసి, బండికాడే ఉండిపోతాను. నీకు పున్నెవుంటాది."

నేను దింపలేదు, సర్దుడూ మార్చలేదు. నాకు జాలేసింది. జాలి మంచి గుణమే, కానీ దానికి ఇరుసు ఎక్కడుందో తెలియదు. కుర్రాళ్లకు ముందే చెబుతున్నాను: తొట్టిలో మనిషి వద్దు. పెద్దమ్మైనా, దొరైనా, తాళ్లు పట్టుకుని కూర్చుంటానన్న మీ బావమరిదైనా వద్దు. మీకు దయ ఉంటే కారులో చోటు చూడండి. ఈ వాక్యం నాకు ఆ ఉదయం ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నాకు నేనే చెప్పుకోవలసింది.

రోడ్డు మీద

హైవే ఎక్కాక నలభైలో పోయినంతసేపూ బాగానే ఉంది. ముహూర్తం దాటిపోతోందని మావయ్య గోల. యాభై, అరవై, ఇంకొంచెం. నరసన్నపేట దాటాక ఫ్లైఓవర్ దిగుతుంటే బస్సొకటి పక్కనుంచి దూసుకెళ్లింది. దాని గాలి తొట్టిని కొట్టింది.

మొదట స్టీరింగులో చిన్న దురద లాంటిది. తర్వాత పక్క అద్దంలో నరసమ్మ పెద్దమ్మ కనిపించింది. కనిపించకూడదు, ఆమె కారుకు సరిగ్గా వెనక ఉండాలి. ఎడమ అద్దంలోంచి మాయమై కుడి అద్దంలో వచ్చింది. మళ్లీ ఎడమ. ప్రతిసారీ ఇంకొంచెం పెద్దగా.

"బ్రేకెయ్‌రా! బ్రేకెయ్!" మావయ్య అరిచాడు. వెనక ముగ్గురూ ముగ్గురు దేవుళ్లను పిలిచారు. నేను బ్రేకు నొక్కాను. ఒక్క క్షణమే. కారు తోక కూడా పక్కకు జారింది. దిగుడులో బ్రేకు వేస్తే కారు ఆగుదామనుకుంటుంది, తొట్టి వెనకనుంచి నెడుతుంది, ఇద్దరూ కలిసి మడతకత్తిలా మడుచుకుపోతారు.

కాలు తీసేశాను. యాక్సిలరేటర్ మీద కూడా పెట్టలేదు. స్టీరింగును ఊపుకు ఎదురు తిప్పాలని చేతులు గోల పెట్టాయి. తిప్పలేదు, సూటిగా పట్టుకుని ఉన్నాను. ఆ సమయంలో చెయ్యవలసింది ఏమీ చెయ్యకపోవడమే. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే. వేగం తగ్గింది. ఊపు తగ్గింది. కింది గేరులో మెల్లగా పక్కకు తీసి ఆపాను.

వెనక్కి పరుగెత్తాను. నరసమ్మ రెండు చేతులతో ఇనుప కమ్మీని పట్టుకుని ఉంది. ఆ వేళ్లను నేను ఒక్కొక్కటే విడదీయవలసి వచ్చింది. మోచెయ్యి గీరుకుపోయింది. మోకాలికి దెబ్బ. ఇంకేం కాలేదు. నన్ను చూసి, "అరటిగెల పడిపోనాదేటి బాబూ?" అంది.

గెల పడలేదు. ఒక లడ్డూ డబ్బా మూత ఊడింది. మావయ్య ఊపిరి కూడదీసుకుని, "సరే, ఇంక మెల్లిగా పోనీ," అన్నాడు.

"నాను కదల్ను మావయ్యా. సర్దుడు మార్సాల. పెద్దమ్మ కారులో కూకోవాల."

"సారె మద్దిలో దించకూడదని సెప్పీనానా లేదా?"

"సారె దానంతటదే దిగీసింది. అదుగో సూడు, లడ్డూలు నాలుగు వాటి దారిన అవి ఎల్లిపోతన్నాయి."

ఆయన చూశాడు. నిజంగానే దొర్లుతున్నాయి. ఒకదాన్ని లారీ తొక్కింది. వెనక సీటులోంచి ఒక ముత్తైదువ నవ్వు ఆపుకోలేక దగ్గింది. అరిష్టం ఏమైనా ఉంటే అది ఆ లారీవాడికి చుట్టుకుని ఉంటుంది. డబ్బాలనూ బిందెనూ ఇరుసు మీదికి జరిపాను, అరటిగెలలు దాని ముందుకు, బుట్టలు వెనక్కి. హుక్కు విప్పి లేపి చూస్తే నడుం గుర్తొచ్చింది.

ఇక సీటు. కళావతి నెమ్మదిగానే అంది: "నరసమ్మప్ప మాతోటి కలిసి దిగితే ఆళ్లింట్లో ఏటనుకుంటారు బాబూ? తరవాత మాటలు గుంటనే గదా అంటారు." ఆమె చెడ్డది కాదు. భయపడింది. ఆ భయం అబద్ధమని కూడా నేను చెప్పలేను, నేను ఆ ఊళ్లలోనే తిరుగుతాను.

 మావయ్య నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడాడు.

"అది నా అక్కరా. ఆ అద్దంలో ఇటూ అటూ ఊగిపోతంటే... నాను బ్రేకెయ్యమని అరిసీసినాను గదా. అదే తప్పేటి?"

"అదే తప్పు."

"తెల్దురా నాకు."

"తెలిసున్న నానే ఏసీసినాను. ఊరుకో మావయ్యా."

ఆయన ముందు తలుపు తీసి, "అక్కా, నువ్విక్కడ కూకో. నాను బస్సుకొస్తాను," అన్నాడు. ఆమె వద్దంది, మూడుసార్లు. ఆయన బెల్టు తనే లాగి పెట్టాడు. తర్వాత చెయ్యెత్తి, వచ్చిన మొదటి బస్సు ఆపి ఎక్కేశాడు. ఎటు పోయే బస్సో కూడా అడగలేదు. అదృష్టవశాత్తూ విజయనగరం బస్సే.

నేను యాభై దాటలేదు. బస్సు దాటింది. దారి పొడవునా నరసమ్మ పెద్దమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. శ్రీకాకుళం దాటాక ఒకసారి, "ముందర సీటులో గాలి బాగొస్తాది," అంది. 

వీధిలో

మేం చేరేసరికి ముహూర్తం అయిపోవచ్చింది. మావయ్య విజయనగరంలో బండి మారి, మాకంటే ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, చొక్కా అంతా చెమట. లోపలివాళ్లతో ఏం చెప్పాడో నాకు తెలియదు. గౌరి అత్తగారు ఆయన వెనకే ఉంది. ముఖం చూస్తే ఏమీ తేలలేదు.

ముత్తైదువులు దిగారు. నరసమ్మ దిగలేదు. "నాను ఇక్కడే ఉంటాను బాబూ. అద్దం దింపు సాలు," అంది. దింపాను.

గౌరి వీధిలోకి వచ్చేసింది. పీటల మీదనుంచి లేచి రాకూడదని లోపల ఎవరో అరుస్తున్నారు. కారు దగ్గరికి వచ్చి నిలబడింది. చిన్న కారు, ఎత్తు తక్కువ. కిటికీలోంచి పెద్దమ్మకు ఆ పిల్ల కడుపు మాత్రమే కనబడుతోంది.

"పెద్దమ్మా, దిగవే."

"ఇక్కడ్నుంచే బాగున్నాది తల్లీ."

"నీకు బాగున్నాదేమో. నాను వంగలేనే! నీ ముకం ఎలాగ సూడాల?"

పెద్దమ్మ దిగింది. కుంటుతోంది. గౌరి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించుకుపోయింది, అడ్డం వచ్చినవాళ్లు ఆ కడుపును చూసి తప్పుకున్నారు. నేను తొట్టి చక్రాల కింద రాళ్లు పెట్టి, గుమ్మం దగ్గర తలల మధ్యనుంచి చూశాను.

గాజులు తొడిగే వేళ. ముత్తైదువులు వరసగా ఉన్నారు. గౌరి చెయ్యి చాపింది, వాళ్ల వైపు కాదు. "ముందు నువ్వెయ్యి," అంది.  మావయ్య నేల చూశాడు. నరసమ్మ తలెత్తకుండా ఒక పచ్చగాజు తీసి, పిల్ల వేళ్లు దగ్గరకు మడిచి ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్లీ చూసింది. మణికట్టు నొక్కి చూసింది. తలెత్తింది.

"సెయ్యి ఉబ్బీసింది దీనికి. నీళ్లు సరిగ్గా తాగతన్నావా లేదా? కూకున్నారేటి అందరూ, కొంచెం సబ్బట్టుకురండి!"

సబ్బు కోసం లేచి పరుగెత్తింది అత్తగారే.